రేడియేటర్ పైపు జాయింటు కారుతుంటే: బ్రిటన్ ఇళ్ళలో మనమే చేసుకోగలిగిన మరమ్మతు

బ్రిటన్‌లో అక్టోబరు చివర గడియారాలను ఒక గంట వెనక్కి జరిపే రోజుల్లోనే చాలా ఇళ్ళలో వేసవంతా ఊరకున్న హీటింగును మళ్ళీ వేస్తారు. నెలల తరబడి చల్లగా ఉన్న రాగి పైపులు, ఇత్తడి నట్లు ఒక్కసారిగా వేడెక్కి సాగుతాయి, రాత్రికి చల్లారి ముడుచుకుంటాయి. అప్పటిదాకా ఎలాగో నిలబడిన పాత జాయింటు ఏదైనా ఉంటే ఆ సాగడం, ముడుచుకోవడంలోనే చెమ్మగిల్లడం మొదలవుతుంది. రేడియేటర్ కింద కార్పెట్‌పై అరచేతి వెడల్పున తడి, నట్టు చుట్టూ పచ్చగా పట్టిన చిలుము, బాయిలర్ కింద ఉండే ప్రెషర్ మీటరు ముల్లు వారానికి కాస్త చొప్పున దిగుతుండటం, ఇవే దాని గుర్తులు.

చుక్కే కదా అని గిన్నె పెట్టి వదిలేయడం మంచిది కాదు. హీటింగు పైపుల్లో తిరిగేది కుళాయి నీరు కాదు. ఒకసారి నింపిన నీరే బాయిలర్‌లో వేడెక్కి, పంపు తోయగా రేడియేటర్లన్నీ తిరిగి మళ్ళీ బాయిలర్‌కు చేరుతుంది. ఆ నీటిలోని ప్రాణవాయువు కొద్ది రోజుల్లోనే ఖర్చయిపోతుంది కాబట్టి ఉక్కు రేడియేటర్లు లోపల అంతగా తుప్పు పట్టవు. చుక్క చుక్కగా పోయినంత నీటిని మనం మళ్ళీ మళ్ళీ నింపుతుంటే కొత్త నీటితోపాటు కొత్త ప్రాణవాయువు కూడా లోపలికి పోతుంది. రేడియేటర్ల లోపలి ఉక్కు తుప్పై, నల్లటి బురదగా మారి, పంపునూ బాయిలర్‌నూ పాడుచేస్తుంది. పదిహేను నిమిషాల్లో సరిచేయగలిగిన జాయింటు కొన్నేళ్ళలో పెద్ద ఖర్చుకు దారి తీసేది ఇలాగే.

ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటి ప్లంబింగు చూస్తూ పెరిగినవారికి ఇక్కడొక మాట ముందే చెప్పాలి. అక్కడ కుళాయి కారినా, గీజరు జాయింటు కారినా విప్పి, మరల మీద టెఫ్లాన్ టేపు గట్టిగా చుట్టి, బలం కొద్దీ బిగించడం మనం చూసిన మరమ్మతు. అక్కడ నీటిని ఆపేది మరలే కాబట్టి ఆ పద్ధతి సరైనదే. ఇక్కడి రాగి పైపుల జాయింట్లు ఎక్కువ భాగం కంప్రెషన్ రకం. వీటిలో నట్టు లోపల ఆలివ్ అనే చిన్న ఇత్తడి లేదా రాగి ఉంగరం ఉంటుంది. నట్టు బిగిసేకొద్దీ ఆ ఉంగరం నలిగి, ఒకవైపు పైపును పట్టుకుని, మరోవైపు ఫిట్టింగ్ అంచుకు అతుక్కుంటుంది. నీటిని ఆపేది ఆ ఉంగరమే. మరల పని ఉంగరాన్ని నొక్కి ఉంచడం వరకే. అందుకే ఇక్కడ మరల మీద ఎంత టేపు చుట్టినా ఫలితం ఉండదు, బలం కొద్దీ బిగిస్తే నష్టం కూడా ఉంటుంది. ఈ ఒక్క తేడా మనసులో ఉంటే కింది పనంతా సులువుగా అర్థమవుతుంది.

మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

మీరు అద్దెకుంటున్నట్లయితే ఈ పనికి దిగవద్దు. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, సాధారణ అద్దె ఇళ్ళలో గదులను, నీటిని వేడిచేసే ఏర్పాట్లను పనిచేసే స్థితిలో ఉంచే బాధ్యత ఇంటి యజమానిదే. కారుతున్న చోటు ఫొటో తీసి, తేదీతో సహా ఈమెయిల్‌గానో ఉత్తరంగానో రాతపూర్వకంగా తెలపండి. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే తర్వాత కార్పెట్ పాడైందన్న వివాదం వచ్చినప్పుడు మీ దగ్గర ఆధారమేమీ ఉండదు.

సొంత ఇల్లయినా, బాయిలర్ డబ్బా లోపలి భాగాలకూ గ్యాసు పైపుకూ చేయి పెట్టకూడదు. ఆ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అనే అధికారిక జాబితాలో పేరున్న ఇంజనీరు మాత్రమే చేయాలి. వచ్చినవారిని కార్డు చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు, ఆ కార్డు వెనుకవైపు ఆయన ఏయే పనులకు అర్హుడో రాసి ఉంటుంది. నీరు బాయిలర్ డబ్బాలోంచే కారుతున్నా, సిమెంటు నేల కింద పైపు కారుతున్నట్టు అనుమానం ఉన్నా నిపుణుణ్ణి పిలవండి. రేడియేటర్లు, వాటి వాల్వులు, కంటికి కనిపించే పైపుల జాయింట్లు మాత్రం ఓపికగా చేసుకునే ఎవరికైనా అందుబాటులో ఉన్న పనే.

కారడం చుక్కల్లో కాక ధారగా ఉంటే ముందు బాయిలర్‌ను ఆపండి, ఆ తర్వాత ఇంట్లోకి వచ్చే నీటిని ఆపేందుకు వంటింటి సింకు కింద ఉండే స్టాప్ ట్యాపును కట్టేయండి. అయితే స్టాప్ ట్యాపు కట్టినంత మాత్రాన రేడియేటర్ నీరు ఆగదు, పైపుల్లో ఉన్న నీరంతా పోయేదాకా కారుతూనే ఉంటుంది. ఇంటి కింది అంతస్తులో హీటింగు నీటిని వదిలే డ్రెయిన్ కాక్ ఎక్కడుందో ప్రశాంతంగా ఉన్నప్పుడే వెతికి పెట్టుకోవాలనడం అందుకే. నీరు పైకప్పులోంచి దీపం దగ్గరికి దిగుతుంటే ఆ దీపాల సర్క్యూట్‌ను ఫ్యూజు పెట్టెలో ఆపేయండి, ఆ దీపం గోడ స్విచ్చును మాత్రం ముట్టుకోవద్దు.

చుక్క ఎక్కడ పుడుతోందో కనిపెట్టడం

ఈ అంచెలో తొందరపడినవారు తర్వాతి అంచెలన్నీ రెండుసార్లు చేయవలసి వస్తుంది. నీరు పుట్టిన చోట కనబడదు, జారి ఆగిన చోట కనబడుతుంది. మేము లీడ్స్‌లో కొనుక్కున్న ఇంట్లో మొదటి శీతకాలం నేను చేసిన పొరపాటు ఇదే. ముందు గదిలో రేడియేటర్ వాల్వు కింది నట్టు అంచున చుక్క వేలాడుతుంటే, కారేది ఆ నట్టేననుకుని రెండు వారాల్లో మూడుసార్లు బిగించాను. మూడోసారికి నట్టు కింద రాగి పైపు నొక్కుకుపోయింది కానీ చుక్క ఆగలేదు. ఒకరోజు వాల్వు మీది ప్లాస్టిక్ తలకాయ తీసి చూస్తే, దాని కింద నిలబడి ఉన్న సన్నని పిన్ను మొదట్లో నీటి బిందువు మెరుస్తూ కనిపించింది. అది నిండి, వాల్వు ఒంటి వెంబడి వెనుకవైపు నుంచి జారి, కింది నట్టు అంచుకు చేరుతోంది. బాగానే ఉన్న జాయింటును పాడుచేసుకున్నది నేనే.

అందువల్ల ముందుగా హీటింగు ఆపి, పాత తువ్వాలుతో వాల్వు, పైపు, నట్లు, రేడియేటర్ అడుగు అన్నీ పూర్తిగా పొడిగా తుడవండి. ఆ తర్వాత టాయిలెట్ పేపరు ముక్కను సన్నగా మడిచి, పైనుంచి కిందికి ఒక్కో చోట విడివిడిగా తాకించండి: ముందు తలకాయ కింద పిన్ను దగ్గర, తర్వాత వాల్వుకూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న పెద్ద నట్టు దగ్గర, తర్వాత రేడియేటర్‌లోకి మరలతో దిగిన గొట్టం మొదట్లో, చివరగా వాల్వుకూ నేలలోంచి వచ్చిన పైపుకూ మధ్య ఉన్న కింది నట్టు దగ్గర. పొడి కాగితం చిన్న చెమ్మను కూడా వెంటనే ముదురు మచ్చగా చూపిస్తుంది. మొట్టమొదట, అన్నిటికన్నా పైన తడి తగిలిన చోటే కారే చోటు. అక్కడా ఇక్కడా కాక రేడియేటర్ రేకు మీదే, రంగు పొంగిన చోట తడి తగిలితే లోపలినుంచి తుప్పు తినేసిందన్నమాట. దానికి మాసిక లేదు, రేడియేటర్ మార్చవలసిందే.

చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కారే జాయింట్లూ ఉంటాయి, వేడెక్కినప్పుడు మాత్రమే కారేవీ ఉంటాయి. ఒకసారి వెతికితే తడి దొరకలేదని వదిలేయక, రెండు స్థితుల్లోనూ కాగితంతో చూడండి. వేడిగా ఉన్నప్పుడు పైపులు చేయి కాల్చేంతగా ఉంటాయి కనుక కాగితాన్ని పొడవుగా మడిచి పట్టుకోండి.

సిద్ధం చేసుకోవలసినవి

రెండు అడ్జస్టబుల్ పానాలు కావాలి. ఒక్కటి సరిపోదు, ఎందుకో కింద చెబుతాను. గాలి తీసే చిన్న రేడియేటర్ తాళంచెవి, టెఫ్లాన్ టేపు, చిన్న డబ్బా జాయింటింగ్ పేస్టు, 15 మి.మీ. ఆలివ్‌లు నాలుగైదు, లోతు తక్కువ ఉన్న పళ్ళెం ఒకటి, బకెట్టు, పాత తువ్వాళ్ళు, ప్లాస్టిక్ షీటు, నీరంతా వదలవలసి వస్తే తోటగొట్టం, దాన్ని బిగించే క్లిప్పు. ఇక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లో టెఫ్లాన్ టేపును పీటీఎఫ్ఈ టేపు అంటారు, రెండూ ఒకటే. ప్లాస్టిక్ షీటు గురించి పట్టుబట్టి చెబుతున్నాను. రేడియేటర్ నీరు సిరాలా నల్లగా ఉంటుంది, లేతరంగు కార్పెట్‌పై ఒక్క గుక్కెడు పడినా ఆ మరక పోదు.

పైపుల కొలత కూడా చూసుకోండి. రేడియేటర్‌కు వచ్చేది సాధారణంగా 15 మి.మీ. రాగి పైపు, బాయిలర్ నుంచి బయలుదేరే ప్రధాన పైపు 22 మి.మీ., కొన్ని ఇళ్ళలో రేడియేటర్‌కు వేలంత సన్నని 8 లేదా 10 మి.మీ. పైపులు వస్తాయి. 1970ల తొలినాళ్ళకు ముందు వేసిన పైపులు అంగుళాల లెక్కవి. అర అంగుళం పైపుకు 15 మి.మీ. ఆలివ్ సరిపోతుంది కానీ ముప్పావు అంగుళం పైపుకు 22 మి.మీ. ఆలివ్ కుదరదు, దానికి వేరే ఆలివ్ అడిగి కొనాలి.

మొదటి ప్రయత్నం: పావు చుట్టు

చెమ్మగిల్లుతున్నది కంప్రెషన్ నట్టు అని తేలితే, నీరేమీ వదలకుండానే చేసే చిన్న ప్రయత్నం ఒకటుంది. చాలాసార్లు దీనితోనే పని అయిపోతుంది.

బాయిలర్‌ను దాని పక్కనున్న స్విచ్చు దగ్గర ఆపి, రేడియేటర్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. వ్యవస్థలో నీరు సాధారణంగా 60 నుంచి 80 డిగ్రీల వేడి వరకు వెళుతుంది కనుక ఈ ఆగడం తప్పనిసరి. తర్వాత ఒక పానాతో వాల్వు ఒంటిని కదలకుండా పట్టుకోండి, రెండో పానాను నట్టుకు తగిలించండి. వాల్వును పట్టుకోకుండా నట్టు ఒక్కదాన్నే తిప్పితే వాల్వు మొత్తం తిరిగి, అప్పటిదాకా బాగున్న అవతలి జాయింటు వదులవుతుంది, సన్నని పైపయితే మెలిపడి మడతపడుతుంది.

ఇక తిప్పే దిశ. నట్టు వైపు నుంచి వాల్వు వైపు చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే బిగుస్తుంది. వాల్వు కింద ఉన్న నట్టును మనం పైనుంచి వంగి చూస్తాం కాబట్టి, మన కంటికి అది గడియారానికి వ్యతిరేక దిశగా కనిపిస్తుంది. ఇక్కడ తికమకపడి, బిగిస్తున్నామనుకుంటూ వదులు చేసి నీరు చిమ్మించుకున్నవారు చాలామంది. అనుమానంగా ఉంటే నేలకు తల ఆనించి కిందినుంచి చూడండి.

పావు చుట్టు, అంటే గడియారంలో పన్నెండు నుంచి మూడు దాకా, అంతకు మించకుండా బిగించండి. తుడిచి, పది నిమిషాలు ఆగి, కాగితం తాకించండి. ఇంకా చెమ్మ ఉంటే మరో అష్టమ భాగం బిగించవచ్చు. అప్పటికీ ఆగకపోతే అక్కడితో ఆపేయాలి. ఆ ఆలివ్ గీత పడో, వంకరగా కూర్చునో, లోపల మురికి చిక్కుకునో ఉంటుంది. అలాంటిదాన్ని బలంతో ఆపబోతే ఉంగరం మెత్తని రాగిలోకి దిగబడి పైపు నడుము సన్నబడుతుంది, నట్టుకు పగులూ రావచ్చు. విప్పి చూడడమే మార్గం.

విప్పి మళ్ళీ వేయడం

ఇక్కడ రెండు దారులున్నాయి. కారేది వాల్వుకూ రేడియేటర్‌కూ మధ్య నట్టు అయితే, రేడియేటర్ రెండు చివరలా ఉన్న వాల్వులను కట్టేస్తే చాలు, ఆ ఒక్క రేడియేటర్ మిగతా ఇంటి నుంచి విడిపోతుంది. కారేది వాల్వుకూ నేల పైపుకూ మధ్య నట్టు అయితే వాల్వు కట్టినా ఉపయోగం లేదు, ఆ నట్టు వాల్వుకు ఇవతల ఉంది. అప్పుడు వ్యవస్థలో నీటిని ఆ జాయింటు కన్నా కిందికి దించాలి.

నీరు దించేందుకు, బాయిలర్ కింద నీరు నింపే వెండి రంగు అల్లిక గొట్టం రెండు వాల్వులూ మూసి ఉన్నాయని ముందుగా చూసుకోండి. అటక మీద చిన్న నీటి తొట్టె ఉన్న పాత రకం వ్యవస్థ అయితే ఆ తొట్టెలోని తేలుడు బంతి కిందికి దిగకుండా, తొట్టెకు అడ్డంగా ఒక కర్ర పెట్టి దాని కడ్డీని పైకి కట్టేయండి. లేకపోతే మీరు వదిలేకొద్దీ తొట్టె నింపుతూనే ఉంటుంది. తర్వాత కింది అంతస్తులో, సాధారణంగా ఒక రేడియేటర్ వాల్వు పక్కనో, వెనుక తలుపు దగ్గరో ఉండే డ్రెయిన్ కాక్‌కు గొట్టం తొడిగి, క్లిప్పు బిగించి, రెండో చివరను వంటింటి మురుగు నీరు పోయే డ్రైనులో వేయండి. ఈ నీటిలో రసాయనం ఉంటుంది కనుక తోటలోకి గానీ వాననీటి కాలువలోకి గానీ వదలకూడదు. కాక్ చదరపు తలను పానాతో గడియారానికి వ్యతిరేకంగా తిప్పితే నీరు మొదలవుతుంది. పాత కాక్‌లు తల చుట్టూ కూడా కారుతాయి, కింద గిన్నె ఉంచండి. మీటరు ముల్లు సున్నాకు వచ్చాక, అన్నిటికన్నా పై అంతస్తు రేడియేటర్‌కు గాలి తీసే మర తెరవండి. గాలి లోపలికి పోతేనే నీరు కిందికి దిగుతుంది. జాయింటు పై అంతస్తులో ఉంటే ఆ అంతస్తు ఖాళీ అయితే చాలు, ఇల్లంతా ఖాళీ చేయనక్కర్లేదు.

ఇప్పుడు కింద పళ్ళెం పెట్టి, రెండు పానాలతో నట్టు విప్పి, పైపు వెంబడి కిందికి జార్చండి. వాల్వును కొద్దిగా పైకెత్తితే పైపు చివర ఉన్న ఆలివ్ కనిపిస్తుంది. దాన్ని దీపం వెలుతురులో వేలితో తడుముతూ చూడండి. ఉంగరం చుట్టూ సమానంగా మెరుస్తూ, గీతలు లేకుండా, పైపుకు తిన్నగా ఉంటే దాన్నే వాడుకోవచ్చు. అడ్డంగా గీత ఉంటే, ఒకవైపు ఎక్కువ నలిగి ఉంటే, అంచు చిట్లి ఉంటే మార్చాలి.

పాత ఆలివ్ పైపును కరుచుకుని ఉంటుంది, చేత్తో రాదు. హాక్సా బ్లేడుతో దాన్ని ఏటవాలుగా, పైపును తాకకముందే ఆగిపోయేలా కోసి, ఆ కోతలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే ఉంగరం విచ్చుకుంటుంది. పైపు మీద చిన్న గీత పడినా కొత్త ఆలివ్ అక్కడ కూర్చోదు. చేయి కుదురుగా ఉండదనుకుంటే ఆలివ్ పీకే పనిముట్టు కొనుక్కోవడమే మేలు. ఆ తర్వాత పైపు చివరను నీళ్ళకాగితం వంటి సన్నని గరుకు కాగితంతో రుద్ది, రంగు, చిలుము పోయి రాగి మెరిసేలా చేయండి. ఇక్కడి ఇళ్ళలో గోడలకు రంగు వేసినప్పుడల్లా పైపులకూ వేస్తారు, ఆ పొరల మీద ఆలివ్ పట్టదు.

కిందికి జార్చిన నట్టును పైపు మీదే ఉంచి, దాని పైన కొత్త ఆలివ్ ఎక్కించి, పైపును వాల్వు లోపలి గట్టుకు తగిలేదాకా నెట్టండి. ఆలివ్ చుట్టూ పేస్టు పల్చగా రాయండి, లేదా టెఫ్లాన్ టేపును రెండు మూడు చుట్లు చుట్టండి. చుట్టవలసింది ఉంగరం మీద, మరల మీద కాదు. నట్టును చేత్తో తిరిగినంత తిప్పండి. చేత్తో రెండు చుట్లకే బిగిసిపోతే మరలు అడ్డంగా పడ్డాయని అర్థం, విప్పి మళ్ళీ మొదలుపెట్టండి. చేత్తో బిగిశాక పానాతో కొత్త 15 మి.మీ. ఆలివ్‌కు సుమారు ఒక చుట్టు, 22 మి.మీ. ఆలివ్‌కు ముప్పావు నుంచి ఒక చుట్టు చాలు. ఇంతకుముందే నలిగిన పాత ఆలివ్ అయితే పావు నుంచి అర చుట్టు. పైపు ప్లాస్టిక్‌దయితే దాని నోట్లో గట్టి గొట్టపు ముక్క ఉండి తీరాలి, అది లేకుండా బిగిస్తే పైపు లోపలికి ముడుచుకుపోతుంది.

టంకం వేసిన జాయింటు కారుతుంటే పద్ధతి వేరు. లోపల తడి ఉన్నంతవరకు టంకం పట్టదు, చెక్క నేలల మధ్య మంటతో పని చేయడం కొత్తవారికి ప్రమాదం. ఆ ముక్కను పైపు కట్టరుతో కోసి తీసి, మధ్యలో కంప్రెషన్ జాయింటు వేసుకోవడం నయం.

మరలే నీటిని ఆపే చోటు

మనకు అలవాటైన పద్ధతి పనికొచ్చే చోటు ఒకటుంది. రేడియేటర్ మూలలో అర అంగుళం మరల రంధ్రంలోకి దిగిన గొట్టం, వాల్వు తోక అంటారే, అక్కడ ఆలివ్ ఉండదు, మరలే నీటిని ఆపుతాయి. అక్కడ చెమ్మ ఉంటే రేడియేటర్‌ను విడదీసి ఆ తోకను విప్పి టేపు చుట్టాలి.

థెర్మోస్టాట్ తలకాయ ఉన్న వాల్వును సున్నా దగ్గర ఉంచి వదిలేయవద్దు. గది బాగా చల్లబడితే గడ్డకట్టకుండా అది తనంతట తానే తెరుచుకుంటుంది. తలకాయ తీసి, వాల్వుతోపాటు వచ్చే మూతను పిన్ను మీద బిగించి మూయాలి. రెండో చివర ఉన్న లాక్‌షీల్డ్ వాల్వును మూసేటప్పుడు ఎన్ని చుట్లకు మూసుకుందో లెక్కపెట్టి, ఆ అంకెను కాగితంపై రాసి రేడియేటర్‌కే అంటించండి. ఇంట్లో గదులన్నిటికీ వేడి సమానంగా పంచేది ఆ చుట్ల లెక్కే, తిరిగి అన్నే చుట్లు తెరవాలి.

కారే వైపు పళ్ళెం పెట్టి, పెద్ద నట్టును కొద్దిగా వదులు చేసి, ఆ తర్వాత పైన గాలి మర తెరవండి. మర తెరిచేకొద్దీ నీరు వేగంగా వస్తుంది, మూస్తే నెమ్మదిస్తుంది కనుక పళ్ళెం నిండినప్పుడల్లా మర మూసి బకెట్టులో పోసుకోవచ్చు. రెండు ప్యానెళ్ళ మధ్యరకం రేడియేటర్‌లో ఐదారు లీటర్లు ఉంటాయి. ఖాళీ అయ్యాక తోకను లోపలినుంచి తిప్పే షడ్భుజి కీతో విప్పి, పాత టేపు గోకేసి, మరలను హాక్సా బ్లేడుతో కొద్దిగా గరుకు చేయండి. గరుకు లేకపోతే బిగించేటప్పుడు టేపు మరల మీద నిలవక జారి ముద్దవుతుంది. తోక మరలున్న చివర మీవైపు ఉండేలా పట్టుకుని, గడియారం దిశలో, లాగి పట్టి పది పన్నెండు చుట్లు చుట్టండి. వ్యతిరేక దిశలో చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి వస్తుంది.

తలకాయ కింద, పిన్ను దగ్గర కారుతుంటే

చేత్తో తిప్పే పాత రకం వాల్వు అయితే ప్లాస్టిక్ టోపీ తీస్తే కడ్డీ చుట్టూ చిన్న నట్టు కనిపిస్తుంది. దాన్ని గడియారం దిశలో అష్టమ భాగం నుంచి పావు చుట్టు బిగిస్తే లోపలి పూరకం కడ్డీకి నొక్కుకుని చుక్క ఆగుతుంది. బిగించాక టోపీ పెట్టి తిప్పి చూడండి, బిరుసుగా తిరిగితే ఎక్కువ బిగించారు. ఆగకపోతే రెండు చివరలా వాల్వులు మూసి, గాలి మర తెరిచి రేడియేటర్ ఒత్తిడి తీసేసి, ఆ చిన్న నట్టును పైకి విప్పండి. టెఫ్లాన్ టేపును జానెడు పొడవున తెంపి, వత్తిని పేనినట్టు వేళ్ళ మధ్య దారంగా పేని, కడ్డీ చుట్టూ మూడు నాలుగు చుట్లు వేసి, సన్నని స్క్రూడ్రైవర్‌తో లోపలికి కూరి, నట్టు తిరిగి బిగించండి. థెర్మోస్టాట్ వాల్వుల్లో కొన్నిటికి మాత్రమే ఈ భాగం విడిగా దొరుకుతుంది. మిగతావాటికి వాల్వు మొత్తాన్ని మార్చడమే.

నీరు నింపి పరీక్షించడం

డ్రెయిన్ కాక్, తెరిచిన గాలి మరలు అన్నీ మూసి, నింపే గొట్టం రెండు వాల్వులను నెమ్మదిగా తెరవండి. వేగంగా నింపితే గాలి బుడగలు మూలల్లో చిక్కుకుంటాయి. మీటరు 1 బార్ చేరగానే ఆపి, కింది అంతస్తు రేడియేటర్లతో మొదలుపెట్టి పై అంతస్తు దాకా వరుసగా గాలి తీయండి. గాలి పోయేకొద్దీ ముల్లు దిగుతుంది, మళ్ళీ నింపండి. చల్లగా ఉన్నప్పుడు చివరికి 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. వేడెక్కితే కొంత పెరుగుతుంది, 3 బార్ దగ్గర రక్షణ వాల్వు తెరుచుకుని నీటిని బయటికి వదిలేస్తుంది. పని కాగానే నింపే గొట్టం వాల్వులు రెండూ మూసి, గొట్టాన్ని విప్పి పక్కన పెట్టండి. అది తెరిచి ఉంటే కారే నీటి స్థానంలో కొత్త నీరు గుట్టుగా చేరుతూ, కారుతున్న సంగతే బయటపడనివ్వదు.

నీరు ఎక్కువగా వదిలి ఉంటే తుప్పు నిరోధించే ఇన్హిబిటర్ ద్రవాన్ని సీసా మీద రాసిన మోతాదులో తిరిగి కలపాలి. ఈ ఖర్చు దగ్గర వెనకాడవద్దు. లీకును లోపలినుంచి పూడ్చే ద్రవాలు కూడా దుకాణాల్లో అమ్ముతారు. కనిపించే జాయింటుకు అవి వాడడం నాకు సమ్మతం కాదు. చెడిన ఆలివ్‌ను అవి బాగుచేయవు, బాయిలర్ లోపలి సన్నని దారులకు మేలూ చేయవు.

పరీక్ష మూడు విడతలు. చల్లగా ఉన్నప్పుడు పొడి కాగితం ఒకసారి, హీటింగు గంటసేపు వేశాక ఒకసారి, రాత్రంతా చల్లారాక తెల్లవారి ఇంకొకసారి. మూడోది మానేయవద్దు. వేడికి సాగి మూసుకున్న సందు చల్లారాకే తెరుచుకుంటుంది.

ఎక్కడా తడి కనబడకుండా ముల్లు మాత్రం దిగుతూనే ఉంటే ఇంటి వెలుపల, బాయిలర్ వెనుక గోడలోంచి వచ్చి మళ్ళీ గోడవైపే వంగి ఉన్న రాగి గొట్టాన్ని చూడండి. రక్షణ వాల్వు వదిలే నీరు వచ్చేది దానిలోంచే. హీటింగు ఆపి, చల్లారాక, దాని నోటికి చిన్న ప్లాస్టిక్ సంచీని రబ్బరు బ్యాండుతో వదులుగా తగిలించి, మళ్ళీ హీటింగు వేసుకుని ఒక రోజు చూడండి. సంచీలో నీరు చేరితే లోపం జాయింట్లలో లేదు. రక్షణ వాల్వు గానీ, వేడికి పెరిగే నీటికి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ వెసెల్ గానీ చెడి ఉంటుంది. సంచీని వెంటనే తీసేసి ఇంజనీరును పిలవండి, ఆ గొట్టం నోరు ఎన్నడూ మూసి ఉంచకూడదు.

సంచీ పొడిగా ఉంటే దాన్ని తీసేసి, బాయిలర్ పక్కన చిన్న కాగితం అంటించి, ప్రతి ఆదివారం ఉదయం హీటింగు వేయకముందే ముల్లు ఎంత చూపిస్తోందో తేదీతో రాస్తూ రండి. నాలుగు వారాలపాటు అంకె మారకపోతే కార్పెట్ మూలను మళ్ళీ మేకులకు తగిలించి, రేడియేటర్ ముందు జరిపిన సోఫాను వెనక్కి తెచ్చుకోవచ్చు.